మిడత పావు ఇచ్చిన చెక్: అడ్డుపావును చంపినా ఎందుకు తప్పదు?

ప్రశ్న
రాసినవారు: ఏడో వరుస

అందరికీ నమస్కారం. మా వీధి పిల్లలకు సాయంత్రాలు చదరంగం నేర్పుతుంటాను. మామూలు ఆట విషయంలో నాకు పెద్దగా సందేహాలు రావు గానీ, ఒక మిత్రుడు తానే అల్లి పంపిన చిన్న సమస్య దగ్గర మాత్రం ఆగిపోయాను. స్థితి ఇది. తెల్లవైపు రాజు ఈ2లో, గుర్రం ఎఫ్5లో, బంటు హెచ్6లో ఉన్నాయి. ఏ1లో మంత్రి బొమ్మను తలకిందులుగా వేసి, అది గ్రాస్‌హాపర్ అనే పావు అని కింద రాశారు. నల్లవైపు రాజు హెచ్8లో, ఏనుగు జి8లో, బంటు హెచ్7లో ఉన్నాయి. తెల్లవైపు ఒక్క ఎత్తులో ఆట కట్టించాలి.

గుర్రాన్ని జి7లో పెట్టాలనీ, దానితో ఆట కట్టనీ ఆయన జవాబు కూడా రాశారు. నాకు మింగుడుపడనిది అదే. జి7లోని గుర్రం హెచ్8లోని రాజుకు చెక్ ఇవ్వదు. పైగా ఏ1 నుంచి హెచ్8 వరకు ఐమూలగా ఉన్న దారికి అదే అడ్డు నిలబడుతోంది. ఒకవేళ ఏదో రకంగా చెక్ పడిందనే అనుకున్నా, జి8లోని ఏనుగు ఒక గడి కిందికి దిగి ఆ గుర్రాన్ని చంపేస్తే సరిపోతుంది కదా?

ఈ పావు దూకుతుందని మాత్రం విన్నాను. పులి-మేక ఆటలో పులి దూకినప్పుడు మేక చచ్చినట్టు, ఇక్కడ కూడా కిందనున్న పావు చస్తుందా? నియమాలు సరిగ్గా తెలిసినవారు వివరించగలరు. ఇంకొక మాట: దీన్ని పిల్లల చేత బల్ల మీద ఆడించవచ్చా, లేక ఇది కేవలం కాగితం మీది సమస్యలకే పనికొచ్చేదా?

జవాబు 1
రాసినవారు: మూలగడి

ఏడో వరుస గారికి, మీ మిత్రుడి జవాబు సరైనదే. ముందుగా నడక చెబుతాను. అది తెలిస్తే మీ ప్రశ్నలో సగం అక్కడే తీరిపోతుంది.

మిడత (గ్రాస్‌హాపర్‌ను నేను ఇకపై ఇలాగే రాస్తాను) మంత్రి నడిచే దారులలోనే, అంటే నిలువుగా, అడ్డంగా, ఐమూలగా చూస్తుంది. అయితే మంత్రిలాగా ఖాళీ గళ్ళలో ఎక్కడంటే అక్కడ ఆగే అధికారం దానికి లేదు. తాను చూసే దారిలో మొట్టమొదట ఎదురయ్యే పావు ఏదో, అది తనవారిదైనా పరాయిదైనా, పక్కనే ఉన్నా ఆరు గళ్ళ అవతల ఉన్నా, దాని మీదుగా దూకి, సరిగ్గా దాని వెనకనున్న గడిలోనే దిగాలి. ఆ గడి ఖాళీగా ఉంటే అది మామూలు ఎత్తు. అక్కడ ఎదుటివారి పావు ఉంటే దాన్ని చంపి ఆ స్థానం తీసుకుంటుంది. తనవారి పావు ఉన్నా, బల్ల అంచు దాటిపోయినా ఆ దారి మూసుకుపోయినట్టే. మధ్యలో దూకుడుకు ఆధారమైన అడ్డుపావుకు ఏమీ కాదు; పులి-మేకకు, దీనికి ఉన్న అసలు తేడా అదే. పులి తాను దూకిన మేకను తింటుంది, మిడత తాను దిగిన చోటనున్న పావును తింటుంది.

ఖాళీ బల్ల మీద డి4లో మంత్రిని ఒంటరిగా నిలబెడితే దానికి 27 గళ్ళు అందుతాయి. అదే చోట మిడతను పెడితే ఒక్క గడి కూడా అందదు, ఎందుకంటే దూకడానికి దానికి ఎవరో ఒకరు కావాలి. బల్ల ఎంత కిక్కిరిసినా, ఒక్కో దిక్కుకు ఒకటి చొప్పున ఎనిమిది గళ్ళకు మించి అది చేరలేదు.

ఇప్పుడు మీ స్థితి చూడండి. గుర్రం ఎఫ్5లో ఉన్నంతసేపు, ఏ1లోని మిడతకు ఐమూల దారిలో మొదట కనిపించేది హెచ్8లోని నల్లరాజే. రాజు వెనక గడి లేదు కనుక మిడత ఏమీ చేయలేదు, చెక్ కూడా లేదు. గుర్రం జి7కు రాగానే మొదటి అడ్డుపావు అదే అవుతుంది, దాని వెనక గడి హెచ్8, అందులో రాజు. కాబట్టి చెక్ ఇస్తున్నది మిడతే. గుర్రం కేవలం దానికి దూకే ఆధారం కల్పించింది. అక్కడ మిడతకు బదులు తెల్ల శకటం ఉండి ఉంటే, మీరన్నట్టే గుర్రం దాని దారికి అడ్డుపడి ఉండేది.

ఇక ఏనుగు సంగతి. జి8 నుంచి ఏనుగు దిగి జి7లోని గుర్రాన్ని చంపిందనుకోండి. ఇప్పుడు జి7లో గుర్రం లేదు, నిజమే; ఏనుగు ఉంది. మిడతకు అడ్డుపావు ఎవరిదైనా ఒకటే కాబట్టి అది ఏనుగు మీదుగా దూకి హెచ్8కే చేరుతుంది. అంటే చెక్ అలాగే ఉంటుంది, ఆ ఎత్తు చెల్లదు. రాజు స్వయంగా జి7 తీసుకుందామంటే హెచ్6లోని తెల్లబంటు ఆ గడిని కాస్తోంది. జి8, హెచ్7 గళ్ళు సొంత పావులతోనే నిండి ఉన్నాయి. బీ2 నుంచి ఎఫ్6 వరకు ఉన్న గళ్ళలో దేనిలోనైనా ఒక నల్లపావును అడ్డం పెట్టగలిగితే చెక్ పోయేదే, కానీ ఏనుగుకు అక్కడికి దారి లేదు, బంటు కదలలేదు. కాబట్టి ఆట కట్టు.

ఈ పావును కనిపెట్టినది ఇంగ్లండుకు చెందిన సమస్యల రచయిత టి.ఆర్. డాసన్ (1889–1951). 1913లో చెల్ట్‌న్‌హామ్ ఎగ్జామినర్ అనే వార్తాపత్రికలో దీనితో అల్లిన సమస్యలు మొదటిసారి అచ్చయ్యాయి. తలకిందుల మంత్రి బొమ్మతో దీన్ని చూపడం సమస్యల ప్రపంచంలో స్థిరపడిన వాడుక.

జవాబు 2
రాసినవారు: రెండో ఎత్తు

మూలగడి గారు నియమాన్ని స్పష్టంగా చెప్పారు. నేను చెప్పదలచుకున్నది చెక్ నుంచి తప్పించుకునే దారుల గురించి, ఎందుకంటే మామూలు ఆటలో మనకు అలవాటైన లెక్కలు ఇక్కడ చాలావరకు తిరగబడతాయి, ఈ పావు రుచి అంతా అందులోనే ఉందని నా అభిప్రాయం.

నాలుగో వరుసను తీసుకోండి. తెల్ల మిడత ఏ4లో, నల్లరాజు హెచ్4లో ఉన్నారు, మధ్యలో ఎవరూ లేరు. మిడత స్థానంలో ఏనుగు ఉంటే అది సూటిగా చెక్. మిడత కనుక రాజు నిశ్చింతగా ఉన్నాడు. కానీ జి4 గడి ఇప్పుడు నల్లవారికి నిషిద్ధం. అక్కడ నల్ల బంటో గుర్రమో వచ్చి నిలబడితే, తన రాజు మీదికి తానే మెట్టు వేసి ఇచ్చినట్టు అవుతుంది. మామూలు ఆటలో రాజు పక్కన సొంత పావు నిలబడడమంటే కాపలా కాయడం. ఇక్కడ అదే ప్రమాదం. మరోవైపు, తెల్లవారి పావు ఏది జి4కు వచ్చినా, చివరికి ఎటూ ముట్టడించలేని బంటు వచ్చినా, చెక్ పడుతుంది.

ఇప్పుడు నల్లవారి పావులు రెండు మధ్యలో ఉన్నాయనుకుందాం: ఎఫ్4లో గుర్రం, జి4లో బంటు. మిడతకు మొదట కనిపించేది ఎఫ్4 గుర్రం కాబట్టి అది దిగగలిగేది జి4లోనే. అంటే ముప్పు బంటుకు, రాజుకు కాదు. ఇక్కడ కట్టుబడిపోయినది ఎవరు? గుర్రం. అది పక్కకు తొలగితే మిడతకు మొదటి అడ్డుపావు జి4 బంటు అవుతుంది, దిగే చోటు హెచ్4 అవుతుంది, రాజుకు చెక్ పడుతుంది. కాబట్టి గుర్రం కదలకూడదు. రాజుకు ఆనుకుని ఉన్న బంటు మాత్రం స్వేచ్ఛగా జి3కు పోవచ్చు. అప్పుడు మిడత గుర్రం మీదుగా దూకి ఖాళీ జి4లో దిగగలదు, అంతకంటే ఏమీ లేదు. ఏనుగు ఎదురుగా ఉంటే ఇలా రెండు పావులు మధ్యలో నిలిచినప్పుడు వాటిలో ఏదీ కట్టుబడదు, ఒకటి పోయినా రెండోది కాపాడుతుంది. మిడత విషయంలో రాజుకు దూరంగా ఉన్న పావే కట్టుబడుతుంది, రాజుకు దగ్గరున్నదానికి స్వేచ్ఛ ఉంటుంది.

జి4లో ఒకే అడ్డుపావు ఉండి చెక్ పడినప్పుడు నల్లవారికి మిగిలే దారులు ఇవి: మిడతనే చంపడం, రాజును జరపడం, బీ4 నుంచి ఎఫ్4 లోపల ఇంకొక పావును తెచ్చి నిలపడం, లేదా అడ్డుపావు తమదే అయితే దాన్ని ఆ వరుస నుంచి తప్పించడం. చివరి దారి మామూలు చదరంగంలో లేనే లేదు. రాజుకు చెక్ పడితే మధ్యనున్న సొంత పావును తొలగించి బయటపడడమనే ఆలోచన కొత్తవారికి వెంటనే తట్టదు. అడ్డుపావు తెల్లవారిదైతే దాన్ని ఇంకొక పావుతో చంపడం వ్యర్థం, చంపినదే కొత్త అడ్డుపావు అవుతుంది కాబట్టి. దాన్ని రాజు ఒక్కడే తినగలడు, అదీ దానికి రక్షణ లేనప్పుడు. అలా రాజు జి4కు వస్తే మిడతకు మొదట ఎదురయ్యేది రాజే అవుతాడు, మిడత రాజు మీదుగా దూకి హెచ్4లో దిగగలదు గానీ రాజును ఏమీ చేయలేదు.

మీ మిత్రుడి సమస్యలో జి7 గుర్రానికి హెచ్6 బంటు రక్షణ ఎందుకు కావలసివచ్చిందో ఇప్పుడు తెలుస్తుంది. ఆ బంటును తీసేస్తే రాజు గుర్రాన్ని తిని హాయిగా బయటపడతాడు. అల్లికలో వ్యర్థమైన పావు ఒక్కటి లేదు; వారికి నా అభినందనలు తెలియజేయండి.

ఏడో వరుస (ప్రశ్న అడిగినవారు)

మూలగడి గారికి, రెండో ఎత్తు గారికి ధన్యవాదాలు. నిన్న బల్ల మీద నాలుగో వరుస ఉదాహరణలన్నీ పేర్చి చూశాను. గుర్రం కట్టుబడి బంటు స్వేచ్ఛగా ఉండే స్థితిని పిల్లలకు చూపిస్తే, మొదట ఎవరూ నమ్మలేదు, తరువాత ఎవరికి వారు అలాంటి స్థితులు పేర్చడం మొదలుపెట్టారు. అందుకే మళ్ళీ అడుగుతున్నాను: ఈ పావులతో పూర్తి ఆట ఆడించవచ్చా? ఆడితే ఎలా పేర్చాలి? మిడత బలాన్ని ఏ పావుతో సమానంగా లెక్కించుకోవాలి?

జవాబు 3
రాసినవారు: నది దాటిన బంటు

ఆడించవచ్చు. గ్రాస్‌హాపర్ చెస్ అనే పేరుతో ఒక ఆట ఉంది. పెద్ద పావులు ఎప్పటిలాగే మొదటి వరుసలో ఉంటాయి, రెండో వరుస నిండా ఎనిమిది మిడతలు, మూడో వరుసలో బంట్లు. నల్లవారికీ అంతే, ఎనిమిది, ఏడు, ఆరు వరుసలలో. అంటే 64 గళ్ళలో 48 ఆట మొదలుకాకముందే నిండి ఉంటాయి. మిడతకు కావలసినది రద్దీ కాబట్టి ఈ పేర్పు దానికి పండగ.

మొదటి ఎత్తులోనే ఏమవుతుందో చూడండి. ఈ2లోని తెల్ల మిడత తన ఎదుటి ఈ3 బంటు మీదుగా దూకి ఈ4లో దిగిందనుకోండి. అక్కడి నుంచి పైకి చూస్తే ఈ6లో నల్లబంటు, దాని వెనక ఈ7లో నల్ల మిడత. ఎడమవైపు ఐమూలగా సి6లో బంటు, వెనక బీ7లో మిడత. కుడివైపు ఐమూలగా జి6లో బంటు, వెనక హెచ్7లో మిడత. ఒక్క ఎత్తుతో మూడు నల్ల మిడతల మీద ముప్పు పడింది. అన్నిటికీ రక్షణ ఉంది కాబట్టి కొంప మునిగిందేమీ లేదు, కానీ మార్పిళ్ళకు రంగం సిద్ధమైంది. ఇప్పుడు నల్లవారు డి6 బంటును డి5కు జరిపి ఈ4 మిడతను బెదిరిస్తారు. ఆ ఒక్క అడుగుతో ఎడమ ఐమూలలో మొదటి అడ్డుపావు మారిపోయింది: ఇప్పుడది డి5 బంటు, దిగే చోటు సి6. బీ7 మీది ముప్పు తొలగి సి6 బంటు మీద పడింది. మిడత అంగుళం కదలలేదు, ఎదుటివారు తమ పావును తాము జరుపుకున్నారు, అయినా ముప్పు చోటు మారింది. ఈ ఆటలో ప్రతి ఎత్తుకూ ఇదే తంతు, అందుకే బాగా ఆడేవారు సైతం ఒక్క ఎత్తు ముందు జరగబోయేది చూడక పప్పులో కాలేస్తారు.

బలం సంగతికి వస్తే, ఒక స్థిరమైన విలువ కట్టడం సరికాదని నా అభిప్రాయం. ఆరంభంలో అది గుర్రానికి తీసిపోదు. పావులు చచ్చేకొద్దీ దాని బలం హరించుకుపోతుంది. మంత్రి, ఏనుగు, శకటాలకు దారులు తెరుచుకునే కొద్దీ బలం పెరుగుతుంటే, దీనికి సరిగ్గా దానికి విరుద్ధం. చివరి దశలో తెల్లవారికి రాజు, ఒక మిడత, నల్లవారికి రాజు మాత్రమే మిగిలాయనుకోండి. మిడత ఆట కట్టించడం మాట అటుంచి, చెక్ అయినా ఇవ్వలేదు. చెక్ పడాలంటే నల్లరాజును ఆనుకుని ఒక అడ్డుపావు ఉండాలి. మిగిలినది తెల్లరాజు ఒక్కడే. ఇద్దరు రాజులు పక్కపక్క గళ్ళలో నిలబడడం నియమమే ఒప్పుకోదు. రెండో మిడత ఉంటే ఒకటి అడ్డుపావుగా నిలిచి రెండోది చెక్ ఇవ్వగలదు.

పిల్లలకైతే పూర్తి పేర్పుతో మొదలుపెట్టవద్దని నా సలహా. పదహారు మిడతలను ఒకేసారి గమనించడం పెద్దలకే తలనొప్పి. మామూలు పేర్పులో మంత్రి స్థానంలో చెరొక మిడతను పెట్టి ఆడించండి. పావులకు వెతుక్కోనక్కరలేదు, పాత సెట్టులోని మంత్రినే తలకిందులుగా నిలబెట్టడం కుదరకపోతే దాని మెడకు ఒక రబ్బరు బ్యాండు చుట్టండి.

మూలగడి గారి జవాబుకు చిన్న అనుబంధం. ఈ పావు డాసన్ సృష్టే, సందేహం లేదు. కానీ ఒకరి మీదుగా దూకి అవతలివారిని చంపే పావు చీనా చదరంగమైన షియాంగ్‌చీలో శతాబ్దాలుగా ఉంది. అందులో ఫిరంగి మామూలుగా ఏనుగులాగా ఖాళీ దారిలో నడుస్తుంది, చంపేటప్పుడు మాత్రం మధ్యలో సరిగ్గా ఒక పావు ఉండి తీరాలి. మిడతకు, దానికి తేడా ఏమంటే ఫిరంగి అడ్డుపావుకు అవతల ఎంత దూరంలో ఉన్నవారినైనా కొట్టగలదు. ఆట మొదలైన తొలి ఎత్తులోనే ఫిరంగి ఎదుటి ఫిరంగి మీదుగా దూకి వెనక వరుసలోని గుర్రాన్ని చంపగలదు. రథం తిరిగి దాన్ని చంపుతుంది, ఎత్తు మంచిది కాదు, అయినా చెల్లుతుంది. కొరియా వారి జాంగ్గీలో ఫిరంగికి ఇంకా కట్టుబాట్లు ఎక్కువ: ఉత్తినే కదలాలన్నా ఒకరి మీదుగా దూకాలి, ఇంకొక ఫిరంగి మీదుగా దూకరాదు, ఫిరంగిని చంపరాదు. రెండో ఎత్తు గారు చెప్పిన చెక్ తప్పించుకునే దారులన్నీ షియాంగ్‌చీ ఆటగాళ్ళకు చిన్ననాటి నుంచి తెలిసినవే. సొంత పావును తొలగించి సేనాపతిని (అక్కడి రాజును) కాపాడుకోవడం అక్కడ దినచర్య.

జవాబు 4
రాసినవారు: మూలగడి

నది దాటిన బంటు గారి పోలిక సబబే. అయితే డాసన్ చేసినది ఫిరంగిని బల్ల మార్చి పెట్టడం కాదని నేననుకుంటాను. ఖాళీ దారిలో నడిచే వెసులుబాటును పూర్తిగా తీసేయడం, దిగే చోటును ఒకే గడికి కుదించడం, ఈ రెండు కోతల వల్లనే మిడత సమస్యల రచయితలకు ప్రియమైనది. ఏ గడిలో దిగుతుందో కచ్చితంగా ఒకటే అయినప్పుడు, అడ్డుపావును ఒక్క గడి అటూ ఇటూ జరిపి పరిష్కారాన్ని బిగించడం రచయిత చేతిలో ఉంటుంది. మంత్రి ఉన్న స్థితిలో అడ్డదారి పరిష్కారాలు పదింటిని మూసివేయాలి. మిడత ఉన్న స్థితిలో అవి పుట్టేదే తక్కువ. డాసన్ తన జీవితంలో ఇటువంటి అసాధారణ నియమాలతోనే 5,320 సమస్యలు అల్లాడు. మామూలు నియమాలతో ఎత్తుల లెక్కన ఆట కట్టించేవి అతనివి 885 మాత్రమే. 1925లో అతడే నైట్‌రైడర్ అనే ఇంకొక పావును తెచ్చాడు. అది గుర్రం అడుగులనే ఒకే దిక్కులో ఆగకుండా వేసుకుంటూ పోతుంది: ఏ1లో ఉంటే, అడుగు పడే గళ్ళు ఖాళీగా ఉన్నంతవరకు బీ3, సి5, డి7 గళ్ళలో దేనికైనా ఒకే ఎత్తులో చేరగలదు. మిడతతో తృప్తి తీరాక పిల్లలకు దాన్ని చూపించండి.

సమస్యలు అల్లాలనే కోరిక ఎవరికైనా కలిగితే పాపాయ్ అనే ఉచిత ప్రోగ్రాము ఉంది. మిడతలు, నైట్‌రైడర్లు సహా చాలా రకాల పావులను అది గుర్తిస్తుంది, స్థితిని రాసి ఇస్తే పరిష్కారాలన్నీ వెతికి పెడుతుంది. చేతితో అల్లిన మిడత సమస్యను దానితో సరిచూసుకోకుండా ఎవరికీ పంపవద్దు. కంటికి ఆనని అడ్డుపావు ఎక్కడో ఒకటి మిగిలి ఉంటుంది.

ఏడో వరుస (ప్రశ్న అడిగినవారు)

చాలా వివరంగా చెప్పారు. మంత్రి స్థానంలో చెరొక మిడతతో ఈ వారమే మొదలుపెడతాను. ఒక చిన్న సందేహం మిగిలింది. అలా ఆడుతున్నప్పుడు బంటు ఎనిమిదో వరుసకు చేరితే మిడతగా మార్చుకోవచ్చా? అసలు మంత్రే లేని ఆటలో మంత్రిగా మార్చుకోవచ్చా?

జవాబు 5
రాసినవారు: రెండో ఎత్తు

సమస్యలలో పాటించే పద్ధతి ప్రకారం, స్థితిలో మిడత ఉన్నట్లయితే బంటును మామూలు పావులతో పాటు మిడతగా కూడా మార్చుకోవచ్చు. బల్ల మీది ఆటలో దాన్నే పాటించడం మేలు, మంత్రిగా మార్చడాన్ని మాత్రం మీరు ముందే అనుకుని నిషేధించవచ్చు. నిషేధిస్తే చివరి దశలో బంటును ఏనుగుగా మార్చడమే లాభసాటి అవుతుంది, ఎందుకంటే అప్పటికి బల్ల ఖాళీ అయిపోయి మిడతకు దూకే ఆధారం దొరకదు. అయితే ఎనిమిదో వరుసలో ఎదుటి రాజు సొంత పావుల మధ్య ఇరుక్కుని ఉన్నప్పుడు, ఆ పావులే మిడతకు అడ్డుపావులవుతాయి కాబట్టి, ఏనుగు ఇవ్వలేని చెక్ మిడత ఇచ్చే సందర్భాలు వస్తాయి. నల్లరాజు హెచ్8లో, సొంత శకటం జి8లో, బంట్లు జి7, హెచ్7 గళ్ళలో ఉండగా తెల్లబంటు బీ8కు చేరి, మధ్య గళ్ళు ఖాళీగా ఉన్న స్థితిని పేర్చి చూడండి. అక్కడ ఏనుగుగా మారితే అది శకటాన్ని కట్టేస్తుంది గానీ చెక్ ఇవ్వదు. మిడతగా మారితే వెంటనే చెక్. కానీ శకటం ఎఫ్7కు తొలగితే అడ్డుపావే లేకుండా పోయి ఆ చెక్ తీరిపోతుంది. ఏది మేలో పిల్లలనే తేల్చమనండి.